పర్లాకిమిడి వరండాలో ఈ ఏడాది చదువులు, కొన్ని తగువులు

రాయగడ నుంచి ఒక అమ్మాయి అడిగింది: “ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బడి అంతా ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది గానీ ఒక్క పేజీకి పది నిమిషాలు పడుతోంది. పుస్తకాల్లో తెలుగు మా ఇంటి తెలుగులా ఉండదు. తాతగారూ, మీరు ఈ మధ్య ఏమేం చదివారు? ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, మొహమాటం లేకుండా చెప్పండి. కథలే కాదు, అన్ని రకాలూ కావాలి.”

తల్లీ, పేజీకి పది నిమిషాలంటే నయమే. ఒడియా పేజీ మొదట్లో నాకు అరగంట పట్టేది. నేను పండితుణ్ణి కాను, నౌపడా–గుణుపురం లైన్లో గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అప్పట్లో రెండున్నర అడుగుల నేరోగేజీ అది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా వేశారు, 1931కి గుణుపురం చేరింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటి ఇటు వచ్చేసరికి పెట్టెలో కబుర్లు తెలుగులోంచి ఒడియాలోకి, ఒడియాలోంచి సవరలోకి జారిపోయేవి. గుణుపురంలో బండి మళ్ళీ కదిలేదాకా రన్నింగ్ రూములో మంచం మీద వాలి చదివేవాణ్ణి. ఒడియా నాకు అక్కడే పట్టుబడింది, అదీ చందమామ పుణ్యమా అని. తెలుగు చందమామ 1947 జూలైలో మొదలైంది. దానికి ఒడియాలో తోబుట్టువు ‘జహ్నమాము’. పాత సంచికలు రెండూ పక్కపక్కన పెడితే బొమ్మల్లో విక్రమార్కుడు ఒకడే, భుజాన వేలాడే శవం అదే, చేతిలో కత్తి అదే. కింద లిపి ఒక్కటే వేరు. కథ నడక ముందే తెలుసు కాబట్టి ఈ అక్షరం ఇదై ఉంటుందిలే అనుకుంటూ పోయేవాణ్ణి. నువ్వు అదే దారిలో ఎదురు నడవాలి, అంతే. తెలిసిన కథని తెలియని లిపిలో పట్టుకో.

ఇంకో మాట. పైకి చదువు. నీకు తెలుగు చెవిలో ఉంది, కంట్లో లేదు. నోరు కదిపితే చెవి సాయానికొస్తుంది. ఈ సంగతి మా పర్లాకిమిడిలో నేను చెప్పడమేమిటి! గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఇక్కడి రాజావారి బడికి మేష్టరుగా వచ్చి, మనిషి మాట్లాడే తెలుగే రాయాలని పట్టుబట్టింది ఈ ఊళ్ళో ఉండే. సవరలతో మాట్లాడి వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషికి మాట ముందా రాత ముందా అని ఇంకొకరు చెప్పాలా? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి ఊరు అటు చేరిపోయాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. అందుకే ఏ పుస్తకం పట్టినా నేను ముందు చూసేది ఒకటే. ఇందులో మనుషులు నోరు తెరిచి మాట్లాడుతున్నారా, రచయిత వాళ్ళ నోట్లో మాటలు కుక్కుతున్నాడా? కింద చెప్పేవన్నీ ఈ తక్కెడలో తూచినవే. నీ తక్కెడ వేరైతే నాతో పేచీ పెట్టుకో, ఏమీ అనుకోను.

ఈ ఏడాది నన్ను ఎక్కువ సంతోషపెట్టినవి రెండూ నూరేళ్ళు దాటిన పుస్తకాలు. మా కోడలిది బరంపురం, ఒడియా పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. వానాకాలం సాయంత్రాలు కరెంటు పోతే వరండాలో ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. నేను ‘కన్యాశుల్కం’ చదివి వినిపించాలి, ఆమె ఫకీర్‌మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ వినిపించాలి. రెండూ ఒక ఈడువే చూడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మన చేతికొచ్చేది గురజాడ తిరగరాసిన 1909 నాటి కూర్పు. ఫకీర్‌మోహన్ నవలా ఆ 1897లోనే పత్రికలో సీరియల్‌గా మొదలై 1902లో పుస్తకమైంది. ఒకరి సంగతి ఒకరికి తెలుసో లేదో గానీ, ఇద్దరిదీ ఒకటే విద్య. దొంగని దొంగ అనరు. పొగుడుతూ పోతారు. నవ్వు మన వంతు.

ఫకీర్‌మోహన్ నవలలో మంగరాజ్ అని ఒక జమీందారు. మహా నిష్ఠాపరుడట. ఏడాదికి ఏకాదశులు ఇరవైనాలుగే కాబట్టి సరిపోయింది, నలభై ఉన్నా ఒక్కటీ తప్పేవాడు కాడట. కాకపోతే ఏకాదశి రాత్రి అతని పడకగదిలో మంగలి ఒక పెద్ద కుండెడు పాలు, అరటిపళ్ళు, పేలాలు పెట్టి వెళతాడు. తెల్లారి వచ్చి ఖాళీ కుండ కడుక్కుంటాడు. అంతకుమించి రచయిత తన నోటితో ఒక్క నింద వెయ్యడు. ఇక్కడికి వచ్చేసరికి మా కోడలు పుస్తకం ఒళ్ళో బోర్లించి, “మా పెదనాన్నని ఈయనెప్పుడు చూశాడు మావయ్యా?” అంది. పేరులో ఉన్న ఆ ఆరు మాణాల ఎనిమిది గుంఠలూ భగియా, సారియా అనే నేతపని మొగుడూపెళ్ళాల పొలం. మాణానికి పాతిక గుంఠలు లెక్క. పిల్లల్లేని ఆ ఇద్దరి దగ్గర్నుంచి ఆ చెక్క ఎలా చేజారింది, వాళ్ళ ‘నేత’ అనే ఆవు ఏమైంది అన్నదే కథ. నవ్విస్తూ నవ్విస్తూ ఆవు దగ్గరికొచ్చేసరికి పీక పట్టుకుంటాడు. ఒడియా నీకు మంచినీళ్ళ ప్రాయం కాబట్టి మూలమే చదువు. ఇంగ్లీషు అనువాదాలున్నాయి గానీ, సామెత మీద సామెత వేసి నడిచే ఆ గొంతు మూలంలోనే వినాలి.

కన్యాశుల్కం సంగతి. గిరీశం వచ్చినప్పుడల్లా మా కోడలు నవ్వింది గానీ, “బుచ్చమ్మని ఏం చేస్తాడు వీడు?” అని ప్రతి సాయంత్రం అడిగింది. నలభై ఏళ్ళుగా చదువుతున్నాను, నాకెప్పుడూ గిరీశం మాటల మీదే ధ్యాస. ఆ అమ్మాయి గురించి బెంగపడిన గుర్తు లేదు. కాస్త సిగ్గేసింది. అసిరిగాడు మాట్లాడినప్పుడు మాత్రం ఆమెకి ఒక్క మాటా విప్పి చెప్పక్కర్లేకపోయింది, మా పాలవాడి భాషే అది. నీకూ అంతే అవుతుంది. నాటకం కదా, వర్ణనలుండవు, మాటలే. మెల్లిగా చదివేవాళ్ళకి అదో సుఖం. నా ఫిర్యాదు ఒకటుంది. చివరి అంకాల్లో సౌజన్యారావు పంతులు వచ్చేసరికి నాటకం కాస్త సభగా మారుతుంది. మధురవాణి లేకపోతే నేనక్కడ రెండుసార్లు కునుకు తీసేవాణ్ణి. గురజాడని అంటావా అని కొట్టడానికొచ్చేవాళ్ళుంటారు, రానీ.

ఇక నన్ను కుదురుగా ఉండనివ్వని జంట ఒకటుంది. గోపీనాథ్ మొహంతి ‘పరజా’, కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’. మొదటిది 1945 నాటి నవల, రెండోది 1960ల నాటి పెద్ద కథ. అనుకుని జతచెయ్యలేదు. పరజా ముగించిన మర్నాడు అలమారలో చేతికి తగిలింది యజ్ఞం.

మొహంతి ప్రభుత్వాధికారిగా కొరాపుట్ కొండల్లో తిరిగిన మనిషి. 1992 దాకా మీ రాయగడా కొరాపుట్ జిల్లాలోదే కాబట్టి ఆ కొండలు నీకు నేను చూపించక్కర్లేదు. సుక్రు జాని అనే పరజా తెగ రైతు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. తిండికీ బట్టకీ లోటు లేని మనిషే. అడవి గార్డు కన్ను కూతురు జిలి మీద పడుతుంది. కుదరదంటాడు తండ్రి. ఆ తరవాత చెట్లు కొట్టాడని కేసు, జరిమానా. జరిమానా కట్టడానికి సావుకారు దగ్గర అప్పు. అప్పుకి బదులుగా ఒంటితో చాకిరీ. ఆ చాకిరీ మనిషిని ‘గోతి’ అంటారు. నేను చదువుతున్నది ఒడియా అన్న సంగతి మరిచిపోయి, ఆ మాట వచ్చినప్పుడల్లా తెలుగులోనే విన్నాను. గోతిలో పడ్డాడు. రెండు మాటలకీ చుట్టరికం ఉందనడం లేదు, నా చెవి చేసిన అల్లరి అది. కానీ నాలుగొందల పేజీలూ ఆ గొయ్యి నన్ను వదల్లేదు.

లోపం చెప్పమంటే చెబుతాను. కొండ మీద వెన్నెల, అడవిలో గాలి, పండగ రోజుల్లో ఆటపాట, పేజీలకి పేజీలు పోస్తాడు. ఓపిక లేక కొన్ని దాటేశాను. కానీ జరిమానా కట్టడానికి ఒక మనిషి ఎన్ని గడపలెక్కుతాడో, ఎక్కడ ఎవరికి ఎంత తడపాలో ఆయనకి తెలిసినట్టు ఆ రోజుల్లో రాసినవాళ్ళలో ఎంతమందికి తెలుసు! ఆఫీసు లోపల కూర్చున్నవాడు గనక ఆఫీసు బయట నిలబడ్డవాడి కాళ్ళ నొప్పి చూశాడు.

యజ్ఞంలో కొండలూ లేవు, వెన్నెలా లేదు. ఊరి మధ్య పంచాయితీ. అప్పల్రాముడు గోపన్న అనే షావుకారుకి బాకీ పడ్డాడు, శ్రీరాములునాయుడు తీర్పు చెప్పాలి. ఈ కథ పేరెత్తితే అందరూ ముగింపు గురించే మాట్లాడతారు. అది చెప్పి నీ చదువు పాడు చెయ్యను. నా మటుకు గొప్పతనమంతా ఆ పంచాయితీలోనే ఉంది. పరజాలో సావుకారు గడప తొక్కగానే సుక్రు మునిగాడని మనకి తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. ప్రతివాడూ న్యాయంగానే మాట్లాడతాడు. నాయుడు మంచివాడు, ఊరికి మేలు చేసినవాడు. అప్పల్రాముడూ బాకీ లేదనడు. ఇంతమంది మంచివాళ్ళు కూడి ఒక మనిషిని నేలమట్టం చేస్తుంటే ఎక్కడ వేలు పెట్టి తప్పు చూపించాలో మనకి అందదు. మొదటిసారి చదివినప్పుడు పంచాయితీ సాగుతోందని విసుక్కున్నాను. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు, అప్పు లేదు.

మా తాత పోయినప్పుడు ట్రంకుపెట్టె అడుగున చెల్లిపోయిన ప్రోనోటు ఒకటి దొరికింది. రెవెన్యూ స్టాంపు మీద ఆయన ఎడమ బొటనవేలి ముద్ర, సిరా కాస్త పక్కకి అలికింది. నూట ఇరవై రూపాయలు. వెనకవైపు చెల్లులు వేసి ఉన్నాయి: మూడు రూపాయలు, రెండున్నర, ఒక చోట నాలుగు, ఒక చోట ‘ధాన్యం ముట్టినది’ అని. లెక్కపెడితే పద్దెనిమిది చెల్లులు, మూడు రకాల చేతిరాతలు. రాసినవాళ్ళెవరూ ఆయన కాదు, ఆయనకి రాత రాదు. యజ్ఞం రెండోసారి చదువుతూ మధ్యలో లేచి ఆ కాగితం తీసి లైటు కింద పెట్టుకుని చూశాను. ఇప్పుడది ఆ పుస్తకంలోనే గుర్తుకాగితంగా ఉంది.

శ్రీకాకుళంలో రామారావు మేష్టారు 1997లో పెట్టిన ‘కథానిలయం’ ఉంది. తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని పెట్టిన ఇల్లు. ఎప్పుడైనా అటు వెళితే లోపలికి తొంగిచూడు. పాత పత్రికల వాసన మీద నాకున్న బలహీనత నీకుంటుందో లేదో.

యాత్రల పుస్తకాల్లో ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ తిరగేశాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మేలో వందమంది దాకా పరివారంతో బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా మన గంజాం తీరం వెంట దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పుస్తకం 1838లో వచ్చింది. అందరూ దీన్ని తెలుగులో తొలి యాత్రా గ్రంథమని దండం పెట్టి పక్కన పెడతారు. నిజం చెప్పాలంటే వరసగా చదివితే నిద్రొస్తుంది. ఫలానా ఊరు చేరాను, ఇన్ని కోసుల దూరం, దారి ఇసక, ఊళ్ళో దుకాణాలున్నవి, నీళ్ళు మంచివి. మళ్ళీ మర్నాడు ఇంకో మజిలీ. నాకు మాత్రం అది మా రైల్వే వర్కింగ్ టైంటేబులులా కనిపించి ముచ్చటేసింది. నీకు దారి చెబుతాను: మొదటినుంచి పెట్టుకోకు. పూరీ దగ్గర మొదలెట్టి ఇచ్ఛాపురం, శ్రీకాకుళం దాకా చదువు. నువ్వు బస్సులో నాలుగైదు గంటల్లో దాటే నేలమీద ఆయన బోయీల భుజాలెక్కి, ఏర్లు దాటుకుంటూ వెళ్ళడం చూస్తావు. భాష ఆ రోజుల్లో మద్రాసు కోర్టు కచేరీలో మాట్లాడుకున్న భాషే, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలు కలగలిసి. గిడుగు వారి గొడవకి ఎనభై ఏళ్ళ ముందే ఒకాయన ఎవరినీ అడక్కుండా నోటికొచ్చిన తెలుగు రాసేశాడన్నమాట.

డిటెక్టివ్ నవలలు చదవవచ్చా అని నువ్వు అడగలేదు గానీ, అడగడానికి మొహమాటపడి ఉంటావు. నిక్షేపంలా చదువు. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు రెండు ఈ మధ్య మళ్ళీ చదివాను. పొట్టి వాక్యాలు, తలుపు చప్పుడు, ఫోను మోత, అసిస్టెంటు రాజు పరుగు. పేజీకి పది నిమిషాలు పట్టేది రెండో నవలకి నాలుగు నిమిషాలకి దిగుతుంది. సాహిత్య విలువల మాట తరవాత. నాకు ఒక అన్యాయం జరిగిందిలే: పోస్టులో తెప్పించుకున్న ఒక అపరాధ పరిశోధన నవలలో 97 నుంచి 112 దాకా పేజీలు లేవు. ఒక ఫారం మొత్తం కుట్టడం మరిచారు. 96లో అనుమానితులు అయిదుగురు, 113 తెరిచేసరికి ముగ్గురు. ఆ ఇద్దరూ ఏమయ్యారో ఇవాళ్టికీ తెలీదు. అమ్మినవాళ్ళకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు.

వచనంలోనే ఇంకో జాతి పుస్తకం, ఇంగ్లీషులో. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాసిన ‘లివింగ్ వితౌట్ ద డెడ్’, 2017లో వచ్చింది. మన సవరల గురించి. మనవడు ఫోన్లో డిక్షనరీ చూసి చెబుతుంటే నాలుగు నెలలు పట్టింది. ఆయన 1975లో మొదటిసారి సవర ఊళ్ళకి వచ్చాడు. అప్పట్లో చనిపోయినవాళ్ళు పూజారి స్త్రీ నోటితో మాట్లాడేవారు. బతికున్నవాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో వాదించేవారు, ఏడ్చేవారు, పరాచికాలాడేవారు. ఎందుకు పోయావు, నీకేం తక్కువ చేశాం, నా నగ ఎవరికిచ్చావు, ఇలాంటి ఇంటి తగువులే. తరవాతి తరం బాప్తిస్టు సంఘాల్లో చేరింది, బడికెళ్ళింది, చచ్చినవాళ్ళతో మాటలు ఆగిపోయాయి. ఆయన పాతదే మంచిదని ఏడుపు మొదలెట్టడు. పిల్లలకి కొత్త దారి ఎందుకు కావలసివచ్చిందో, పాత పన్నులూ బలులూ ఎంత బరువో చెబుతాడు. అందుకే నమ్మాను.

చదువుతుంటే ఒక పక్క మెచ్చుకోలు, ఒక పక్క ఉక్రోషం. ముప్ఫై ఏళ్ళు నా బండిలో సవర ఆడవాళ్ళు చింతపండు బుట్టలు, కొండచీపుళ్ళు పెట్టుకుని కాశీనగర్‌లో ఎక్కారు. లగేజీ సంగతి తప్ప వాళ్ళని ఒక్క మాట అడగలేదు నేను. వాళ్ళ భాషలో నాకొచ్చినవి అంకెలూ, “దిగు” అన్న మాటా. అంత దూరం నుంచి వచ్చినవాడు వాళ్ళ చనిపోయిన తాతల పేర్లతో సహా రాసుకున్నాడు. గిడుగు వారి ఊళ్ళో ఉండి నేను చేసింది ఇది.

నచ్చనివి కూడా చెప్పమన్నావు. ఉదయం అయిదింటికి లేస్తే కోటీశ్వరుడివవుతావనే తెలుగు అనువాదం ఒకటి మా అబ్బాయి తెచ్చిపెట్టాడు. పేరు చెప్పను. ముప్ఫై పేజీలు చదివాను. ప్రతి వాక్యం ఇంగ్లీషు చొక్కా తిప్పి తొడుక్కున్నట్టుంది, కుట్లన్నీ బయటికి. పైగా నేను ముప్ఫై ఏళ్ళు తెల్లవారుఝామున మూడున్నరకి లేచినవాణ్ణి! మొహంతిగారిదే ‘అమృతర సంతాన’, కొంధు గిరిజనుల మీద పెద్ద నవల, 1955లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నది, సగంలో ఆపాను. అది పుస్తకం తప్పు కాదు. పరజా తరవాత వెంటనే మొదలెట్టడం నా తప్పు. కడుపు నిండా తిని మళ్ళీ పంక్తిలో కూర్చున్నట్టయింది. సంక్రాంతి వెళ్ళాక చూస్తాను.

పతంజలి ‘గోపాత్రుడు’ అంటే నాకు ప్రాణం. భూమి గుండ్రంగా ఉందా బల్లపరుపుగా ఉందా అని అలమండలో మొదలైన తగువు. కానీ నీకు ఇప్పుడే వద్దు. ఆ యాస అచ్చులో చూస్తే మొదట తికమకపడతావు. ఓ ఆరు నెలలు పోయాక, ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆవిడ చేత చదివించుకో. ఆవిడకి చదవడం రాకపోతే నువ్వు తప్పో ఒప్పో పైకి చదువు, ఆవిడే దిద్దుతుంది.

కన్యాశుల్కం మొదటి అంకంతో మొదలుపెట్టు. రోజుకి రెండు పేజీలు చాలు, మీ అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని. మధ్యలో యుగంధర్ని పెట్టుకో. యజ్ఞం దగ్గరికి ఎప్పుడొస్తావో నీ ఇష్టం, వచ్చాక మాత్రం ఒక ముక్క రాయి. ముగింపులో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసిన పని మీద నాకూ మా కోడలికీ మూడు వారాలుగా మాటల యుద్ధం నడుస్తోంది. ఆమె ఏమంటోందో ఇప్పుడు చెబితే నువ్వు ఆమె పక్షం చేరిపోతావు.